ఖాళీ చోటులోని వేగము

మానవుడు తాను తెలిసికొన్న దానిని మరువకుండుటకై అనాదినుండియు ఏదో ఒక ఆధారమును వెదకుచునే యున్నాడు. రాతిపై చెక్కిన శాసనము వేయేండ్లు నిలుచును. కాని దానిలో ఒక్క అక్షరమును మార్చుటకు వీలులేదు. తాటాకుపై గంటముతో వ్రాసినదియు అట్టిదే. పలకపై బలపముతో వ్రాసినచో ఎన్నిమారులైనను తుడిచి వ్రాయవచ్చును. కాని తడిచేయి తగిలినంతనే వ్రాత మాయమగును. వ్రాసినది నిలువవలెను, కోరినపుడు తుడిచి మరల వ్రాయుటకును వీలుండవలెను. ఈ రెండు గుణములును ఒక్కచోట కుదురుట కష్టము. నేటి కంప్యూటర్లలో అమర్చు సాలిడ్ స్టేట్ డ్రైవు అను సాధనము వీనిని రెంటిని కుదిర్చినది. దీనినే పొడి అక్షరములలో ఎస్.ఎస్.డి. అందురు.

ఎస్.ఎస్.డి. గల క్రొత్త కంప్యూటరు మీట నొక్కిన కొలది సెకనులలోనే పనికి సిద్ధమగును. రెండు మూడేండ్లు గడచిన పిమ్మట అదే కంప్యూటరు నత్తనడక నడచుట పలువురకు అనుభవమే. అట్టి వేళ "డ్రైవు అరిగిపోయినది, మార్చక తప్పదు" అని తలచి కొందరు క్రొత్తది కొందురు. బిడ్డల చదువు కొరకు పైసా పైసా కూడబెట్టి కంప్యూటరు కొన్న కుటుంబమునకు ఆ వ్యయము చిన్నది కాదు. నిజమునకు పెక్కు సందర్భములలో ఆ డ్రైవు అరిగిపోలేదు. అది ఇరుకున పడినది. ఆ యిరుకు ఎట్లు కలుగునో, ఎట్లు తొలగునో తెలిసినచో సొమ్మును మిగులును, కాలమును మిగులును.

ఈ సాధనములోని కీలకమును గ్రహించుటకు దూరదేశములకు పోనక్కరలేదు. గూడూరు నేలయే మొదటి పాఠము చెప్పగలదు. చెన్నైనుండి విజయవాడకు పోవు రైలుమార్గమున, నెల్లూరునకు దక్షిణముగా గూడూరు కలదు. రేణిగుంటనుండి వచ్చు రైలుమార్గము ఇచటనే ఆ పెద్దమార్గముతో కలియును. చిరకాలము నెల్లూరు జిల్లాలోనిదైన ఈ పట్టణము 2022లో క్రొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేర్చబడెను. గూడూరు, సైదాపురము, రాపూరు ప్రాంతములు అభ్రకపు గనులకు పేరుగాంచినవి. ఇచటి అభ్రకము లేతాకుపచ్చ వన్నె కలది. దానిని పొరలు పొరలుగా, కాగితముకంటెను పలుచని రేకులుగా చీల్చవచ్చును.

అభ్రకమునకు అంత విలువ ఏల కలిగెను? అది తళతళ మెరయుటచేత మాత్రమే కాదు. అది మిక్కిలి వేడిని ఓర్చును. విద్యుత్తును తన గుండ పోనీయదు. ఇట్టి పదార్థమును విద్యుద్బంధకము అందురు. కొన్ని రకముల ఇస్త్రీపెట్టెలలో వేడితీగను అభ్రకపు రేకుపై చుట్టుదురు. పూర్వపు రేడియోలలో విద్యుదావేశమును కొంతసేపు దాచియుంచు కండెన్సరు అను భాగమున, రెండు లోహపు రేకుల నడుమ అభ్రకపు పొరను ఉంచెడివారు. అభ్రకము కావలియుండుటచేత ఆవేశము ఒక రేకునుండి మరియొక రేకునకు జారిపోదు. మంచి బంధకము నడుమ నున్నచో విద్యుదావేశమును నిలిపి యుంచవచ్చునని గూడూరు అభ్రకము తెలుపుచున్నది. ఎస్.ఎస్.డి.కి మూలసూత్రము ఇదియే.

గూడూరునకు తూర్పున, చిల్లకూరు, కోట మండలములలో, సముద్రతీరమునకు చేరువగా తెల్లని సిలికా యిసుక దొరకును. గాజు పరిశ్రమకు అది ముడిసరకు. సిలికా అనగా సిలికాన్, ఆక్సిజన్ అను రెండు మూలకముల కలయిక. ఎస్.ఎస్.డి.లోని చిప్పులను తీరపు ఇసుకనుండి నేరుగా చేయరు. మిక్కిలి శుద్ధమైన క్వార్ట్జ్ శిలనుండి సిలికాన్‌ను వేరుచేసి, దానిని మరల మరల శుద్ధిచేసి పలుచని బిళ్లలుగా కోయుదురు. కాని ఆ చిప్పులలో విద్యుదావేశమునకు కావలి కాయు గోడ మాత్రము ఈ సిలికాయే. అభ్రకము రేడియోలో చేసిన పనినే, సిలికా పొర చిప్పులో చేయుచున్నది.

ఆ చిప్పులో కోట్లకొలది సూక్ష్మమైన గదులు కలవు. ప్రతి గదిచుట్టును బంధకపు గోడలుండును. అందొక గోడ మందము సుమారు 7 లేక 8 నానోమీటర్లు మాత్రమే. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసినచో అందొక భాగము నానోమీటరు. మన తలవెండ్రుక మందములో ఆ గోడ పదివేలవ వంతు ఉండును. సుమారు 20 వోల్టుల విద్యుత్పీడనము కలిగించినపుడు ఎలక్ట్రానులు ఆ పలుచని గోడను దాటి గదిలోనికి దూరును. పీడనము తొలగినంతనే గోడ మరల గట్టి కావలియగును. ఎలక్ట్రానులు లోపల చిక్కుకొనును. కంప్యూటరును ఆపివేసినను అవి అందే యుండును. గదిలో ఎలక్ట్రానులున్నవా లేవా, ఉన్నచో ఎన్ని కలవు అను దానినిబట్టి యంత్రము ఆ గదిలోని వ్రాతను చదువును. పీడనమును ఎదురుదిశలో ప్రయోగించినచో ఎలక్ట్రానులు వెలికివచ్చును. అదియే తుడుచుట.

ఇట్టి గదిని గూర్చిన ఊహను 1967లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున డావన్ కాంగ్, సైమన్ సె అను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. జపాను దేశమున తోషిబా సంస్థలో పనిచేయుచుండిన ఫుజియో మసువోకా అనునతడు 1984లో దీనిని ఫ్లాష్ మెమరీ అను రూపమున ప్రకటించెను, నేడు ఎస్.ఎస్.డి.లలో వాడు నాండ్ అను రకమును 1987లో వెలువరించెను. పెక్కు గదులు ఒక్కమారుగా, ఫోటో తీయునపుడు మెరయు దీపమువలె క్షణములో తుడిచివేయబడుటచేత దానికి ఫ్లాష్ అను పేరు కలిగెను. ఇట్టి స్మృతిచిప్పులను చేయు మైక్రాన్ సంస్థ 2019లో హైదరాబాదున తన అభివృద్ధి కేంద్రమును తెరచెను. ఒకప్పుడు పరదేశపు వింతగా నుండిన ఈ విద్య నేడు మన నగరమునను సాగుచున్నది.

ఎస్.ఎస్.డి.కి ముందు కంప్యూటర్లలో హార్డ్ డిస్కు వాడుకలో నుండెను. నేటికిని అది పెక్కుచోట్ల కలదు. ఆంధ్రప్రదేశము అవతరించిన 1956వ సంవత్సరముననే ఐ.బి.ఎం. సంస్థ మొదటి హార్డ్ డిస్కును లోకమునకు చూపెను. అందు ఏబది పెద్ద పళ్లెములు తిరుగుచుండెడివి. అన్నియు కలిపి సుమారు 50 లక్షల అక్షరములను మాత్రమే దాచెడివి. హార్డ్ డిస్కులో అయస్కాంతపు పూతగల పళ్లెము గిరగిర తిరుగుచుండగా ఒక చిన్న చేయి దానిపై కదలుచు వ్రాతను చదువును. ఆ చేయి కావలసిన చోటికి చేరుటకు సుమారు 10 మిల్లీసెకనులు పట్టును. ఎస్.ఎస్.డి.లో తిరుగు పళ్లెమును లేదు, కదలు చేయియు లేదు. మిల్లీసెకనులో పదవ వంతునకు లోపలనే అది ఏ మూలనున్న వ్రాతనైనను అందుకొనును. క్రొత్త డ్రైవు వేగమునకు కారణమిదియే.

అయితే ఈ వేగమునకు ఒక విచిత్రమైన నియమము తోడుగా వచ్చినది. హార్డ్ డిస్కుపై పాతవ్రాత మీదనే క్రొత్తవ్రాత వ్రాయవచ్చును. ఎస్.ఎస్.డి.లో అట్లు కుదరదు. అందు వ్రాయుటకు పుట అనునది కొలత. తుడుచుటకు బ్లాకు అనునది కొలత. పుటలో కొన్ని వేల అక్షరములు పట్టును. వందలకొలది పుటలు కలిసి ఒక బ్లాకగును. ఖాళీ పుటపై మాత్రమే వ్రాయవలెను. ఒక్క పుటను విడిగా తుడుచుటకు వీలులేదు. తుడిచినచో బ్లాకు మొత్తమును ఒక్కమారే తుడువవలెను. వ్రాయుటకంటె తుడుచుటకు ఎక్కువ కాలము పట్టును. ఒక పుస్తకములోని ఒక పుటను దిద్దవలెనన్నచో పుస్తకమంతయు కడిగివేయవలెనని నియమమున్నట్లు!

మరి యంత్రము పనిని ఎట్లు నెట్టుకొని వచ్చుచున్నది? డ్రైవులోనే కంట్రోలరు అను ఒక చిన్న చిప్పు కలదు. అది గృహమును తెలివిగా నడుపు ఇల్లాలి వంటిది. ఒక పుటను దిద్దవలసివచ్చినపుడు అది పాతపుట జోలికి పోదు. దిద్దిన పాఠమును మరియొక ఖాళీ పుటపై వ్రాసి, పాతపుటకు చెల్లనిదని గుర్తు పెట్టుకొనును. ఏ పాఠము ఎచట నున్నదో తెలుపు పట్టిక దానివద్ద నుండును. ఇట్లు కొంతకాలము జరుగగా ప్రతి బ్లాకులోను కొన్ని చెల్లు పుటలు, కొన్ని చెల్లని పుటలు కలగలసి యుండును. అపుడు కంట్రోలరు ఒక బ్లాకునెంచి, దానిలోని చెల్లు పుటలను వేరొక ఖాళీ బ్లాకునకు చేరవేసి, పాతదానిని మొత్తముగా తుడిచివేయును. ఈ పనిని చెత్త తీయుట అందురు.

దీనిని రైలుయార్డుతో పోల్చి చూడవచ్చును. గూడూరు వంటి జంక్షనులో సరకుపెట్టెలను ఒక పట్టాల వరుసనుండి మరియొక వరుసకు మార్చి క్రొత్త బండ్లను కూర్చవలసియుండును. రెండు మూడు వరుసలు ఖాళీగా నున్నచో ఆ పని చకచక సాగును. వరుసలన్నియు పెట్టెలతో నిండియున్నచో నడుమనున్న ఒక్క పెట్టెను బయటికి తీయుటకు ఇంజను ముందునకు వెనుకకు ఎన్నియో మారులు తిరుగవలెను. ఇంజను బలము తగ్గలేదు, పట్టాలు అరుగలేదు, మెసలుటకు చోటు లేదు. ఆలస్యమునకు అంతకుమించిన కారణము లేదు. నిండిపోయిన ఎస్.ఎస్.డి. స్థితియు ఇట్టిదే.

ఈ చోటు విలువను ఒక చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. ఒక బ్లాకులో 100 పుటలున్నవనుకొనుడు. అందు 50 పుటలు చెల్లనివి. మిగిలిన 50 పుటలను వేరుచోటికి చేరవేసి బ్లాకును తుడిచినచో, క్రొత్తవ్రాతకు 50 పుటల చోటు దొరకును. అనగా 50 పుటల క్రొత్తవ్రాతకై యంత్రము మొత్తము 100 పుటలు వ్రాసినది, పని రెండింతలయినది. డ్రైవు నిండుచున్నకొలది ప్రతి బ్లాకులోను చెల్లు పుటలు పెరుగును. బ్లాకులో 80 చెల్లు పుటలున్నచో, 20 పుటల చోటు కొరకు 80 పుటలను మోయవలెను, పని ఐదింతలగును. 90 ఉన్నచో పని పదింతలగును. కంప్యూటరు వాడువాడు ఒక్క చిన్న ఉత్తరమును దాచుకొనినను, లోపల యంత్రము దానికి పదిరెట్లు చెమటోడ్చుచుండును. వేగము తగ్గుటకును, గదుల గోడలు త్వరగా అరుగుటకును ఇది హేతువు.

ఇచట మరియొక చిక్కు కలదు. ఒక ఫోటోనో పాఠమునో తొలగించినపుడు కంప్యూటరు తన పట్టికనుండి దాని పేరును కొట్టివేయును, అంతియే. ఆ పుటలు ఇక అక్కరలేదని డ్రైవునకు తెలియదు. తెలియనంతవరకు అది వానిని చెల్లు పుటలుగానే భావించి, ప్రతిమారును శ్రద్ధతో ఒక బ్లాకునుండి మరియొక బ్లాకునకు మోయుచుండును. యజమాని పారవేయదలచిన మూటలను సేవకుడు ఎరుగక నెత్తిన పెట్టుకొని తిరిగినట్లుండును. ఈ కష్టమును తొలగించుటకు ట్రిమ్ అను ఆజ్ఞ ఏర్పడినది. "ఈ పుటలు ఇక అక్కరలేదు" అని కంప్యూటరు డ్రైవునకు తెలుపుటయే ట్రిమ్. 2009లో వెలువడిన విండోస్ 7నందును, 2010లో లినక్స్ నందును ఈ ఏర్పాటు చేరెను. అంతకు పూర్వపు విండోస్ ఎక్స్‌పీ వంటి వ్యవస్థలలో ఇది లేదు. కావున పాతవ్యవస్థ గల కంప్యూటరులో క్రొత్త ఎస్.ఎస్.డి.ని అమర్చినచో అది కొంతకాలమునకే మందగించును.

నేటి విండోస్‌లో ఆప్టిమైజ్ డ్రైవ్స్ అను పరికరము కలదు. అది సామాన్యముగా వారమునకొకమారు తనంత తానుగా ట్రిమ్ ఆజ్ఞను పంపును. ఆ ఏర్పాటు పనిచేయుచున్నదా, ఎవరైనను ఆపివేసిరా యని చూచుకొనుట మంచిది. బయటినుండి యు.ఎస్.బి. తీగతో తగిలించు పెట్టెలలో కొన్ని ఈ ఆజ్ఞను డ్రైవునకు చేరనీయవు. అట్టివానిని కొనునపుడు విచారించి తీసికొనవలెను.

హార్డ్ డిస్కుల కాలమున డీఫ్రాగ్ అను పని మేలు చేసెడిది. చెల్లాచెదరుగా నున్న వ్రాతను ఒక్కచోట చేర్చినచో డిస్కు చేయి తిరుగుట తగ్గెడిది. ఎస్.ఎస్.డి.లో చేయియే లేదు గనుక ఆ మేలు ఇంచుమించు శూన్యము. పైగా అనవసరపు వ్రాత పెరిగి గోడలు అరుగును. పాతరోగమునకు పనిచేసిన మందును క్రొత్తరోగమునకు వాడరాదు.

గోడలు అరుగుట అనగానేమి? ఎలక్ట్రానులు దాటిన ప్రతిమారును ఆ పలుచని గోడలో స్వల్పమైన లోపము ఏర్పడును. కొన్ని ఎలక్ట్రానులు గోడలోనే చిక్కుకొనును. వేలకొలది మారులు తుడిచి వ్రాసిన పిమ్మట గోడ బలహీనమై, లోపలి ఎలక్ట్రానులు మెల్లమెల్లగా జారిపోవును. ఒక గదిలో ఒక్క సంకేతమునే దాచు చిప్పులు సుమారు లక్షమారులు తుడిచినను ఓర్చును. ఒక గదిలో మూడు సంకేతములను దాచు చిప్పులందు ఎనిమిది విధములైన మట్టములను గుర్తింపవలెను. అవి 1,000 మొదలు 3,000 మారులవరకు ఓర్చును. నాలుగు సంకేతములను దాచువానిలో పదునారు మట్టములుండును. వాని ఓర్పు ఇంకను తక్కువ. చవుకగా ఎక్కువ చోటు కావలెనన్నచో ఓర్పును కొంత వదలుకొనవలెను.

ఏ ఒక్క బ్లాకుపైననే భారము పడకుండ కంట్రోలరు అన్నిటికిని వంతులవారీగా పని పంచును. తెలివిగల రైతు ఒక్క యెద్దునే దినమంతయు నాగలికి కట్టడు గదా! ఈ పంపకముచేత డ్రైవు ఆయువు ఎంతో పెరుగును. 500 గిగాబైట్ల డ్రైవులకు కొన్ని సంస్థలు 300 టెరాబైట్ల వ్రాతవరకు హామీ నిచ్చుచున్నవి. 300 టెరాబైట్లనగా 3 లక్షల గిగాబైట్లు. ఒక విద్యార్థి దినమునకు 20 గిగాబైట్లు వ్రాసినను ఆ హామీ తీరుటకు 15,000 దినములు, అనగా 40 ఏండ్లకు పైగా పట్టును. రెండేండ్లకే మందగించిన డ్రైవు అరిగిపోయినదనుట ఎంత తొందరపాటో ఈ లెక్క తెలుపును. డ్రైవు తన ఆరోగ్యమును తానే లెక్క వ్రాసికొనుచుండును. స్మార్ట్ అను ఆ వివరములను చూపు ఉచిత పరికరములు కలవు. క్రొత్తది కొనుటకు ముందు ఆ లెక్కను చదువవలెను.

పెద్ద సినిమాను గాని, వందల పాఠముల వీడియోలను గాని ఒక్కమారుగా ఎక్కించునపుడు మొదట వేగము మిక్కుటముగా నుండి, పిమ్మట హఠాత్తుగా పడిపోవుట కలదు. ఇది రోగము కాదు. మూడు నాలుగు సంకేతములను ఒక గదిలో పొందికగా అమర్చుట కాలము పట్టు పని. అందుచేత డ్రైవు కొంతచోటును ప్రత్యేకించి, వచ్చిన వ్రాతను మొదట ఒక్క గదికి ఒక్క సంకేతము చొప్పున త్వరత్వరగా దించుకొనును. తీరిక దొరకినపుడు సర్దుకొనును. బండినుండి బస్తాలను మొదట వసారాలో దించి, పిమ్మట కొట్టులో పేర్చినట్లు! వసారా నిండినచో వేగము తగ్గును. కొంతసేపు విశ్రాంతి నిచ్చినచో మరల కోలుకొనును. డ్రైవు నిండుచున్నకొలది ఆ వసారాయు కుంచించుకొనిపోవును. ఇచటను ఖాళీ చోటే వేగమునకు ఆధారము.

వ్రాసి చాలకాలము ముట్టని పాఠమును చదువుటయందును ఆలస్యము కలుగవచ్చును. గదులలోని ఎలక్ట్రానులు కొంచెము జారినచో, యంత్రము మట్టములను సరిగా గుర్తింపలేక మరల మరల చదివి తప్పులను దిద్దుకొనవలసివచ్చును. 2014లో శాంసంగ్ సంస్థవారి 840 ఈవో అను డ్రైవులలో పాతవ్రాత చాల నెమ్మదిగా చదువబడుట బయటపడెను. ఆ సంస్థ డ్రైవును నడుపు లోపలి ప్రోగ్రామును సవరించి, పాతవ్రాతను మరల క్రొత్తగా వ్రాయు ఏర్పాటు చేసెను. వేగము తిరిగి వచ్చెను. ఇట్టి సవరణలను ఫర్మ్‌వేర్ నవీకరణ అందురు. తయారుచేసిన సంస్థ వెలువరించిన సవరణను, ముఖ్యమైన వ్రాతకు వేరొక ప్రతిని తీసి యుంచుకొనిన పిమ్మట, చేర్చుకొనుట యుక్తము.

వేడియు వేగమునకు శత్రువే. గూడూరు ప్రాంతమున వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుట క్రొత్త కాదు. గాలి ఆడని గదిలో, పరుపుపైనో దిండుపైనో ఉంచి ల్యాప్‌టాపును నడిపినచో దాని గాలిరంధ్రములు మూసికొనిపోవును. వేగముగా పనిచేయు డ్రైవులలోని చిప్పు 70, 80 డిగ్రీల వేడికి చేరినపుడు తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. గట్టి బల్లపై నుంచి, రంధ్రములలోని దుమ్మును అప్పుడప్పుడు తీసివేసినచో ఈ బాధ తగ్గును. వాడని డ్రైవును వేడియైన చోట ఏండ్లతరబడి దాచుటయు ప్రమాదమే. తన ఓర్పునంతయు వినియోగించిన ఇంటివాడుక డ్రైవు కూడ, విద్యుత్తు లేకుండ 30 డిగ్రీల వేడిలో ఒక సంవత్సరము వ్రాతను నిలుపవలెనని అంతర్జాతీయ ప్రమాణము. వేడి పెరిగినకొలది ఆ గడువు తగ్గును. కావున పాతడ్రైవులో కుటుంబపు ఫోటోలను దాచి బీరువాలో మరచిపోరాదు.

ఇంతవరకు చెప్పిన దానినిబట్టి వేగరక్షణకు వలసిన పనులు కొలదియే. డ్రైవులో నూటికి 10 మొదలు 20 పాళ్లవరకు చోటును ఎల్లప్పుడును ఖాళీగా నుంచవలెను. ట్రిమ్ పనిచేయునట్లు చూచుకొనవలెను. డీఫ్రాగ్ చేయరాదు. వేడి తగులనీయరాదు. పెద్ద పని ముగిసిన వెంటనే యంత్రమును ఆపక, కొంతసేపు తీరికగా నుంచినచో చెత్త తీయు పనిని అది తానే చక్కబెట్టుకొనును. డ్రైవు తయారుచేసినవారే కొంతచోటును వాడువానికి కనపడకుండ దాచియుంతురు. అమ్మకపు లెక్కలో గిగాబైటు అనగా 100 కోట్ల బైట్లు. చిప్పు లెక్కలో 107 కోట్లకు పైగా. ఆ తేడా డ్రైవు మెసలుటకు మిగిల్చిన చోటు. తెలిసినవారు తయారీలోనే ఖాళీని విడిచియుండగా, వాడువారు కడపటి మూలవరకు నింపుట వివేకము కాదు.

ఒక హెచ్చరికను కూడ మరువరాదు. ట్రిమ్ వలన డ్రైవు తేలికపడును. కాని తొలగించిన వ్రాత మరల దొరకుట ఇంచుమించు అసాధ్యమగును. హార్డ్ డిస్కులో పొరపాటున తొలగించిన దానిని నిపుణులు కొన్ని వేళల తిరిగి తీయగలిగెడివారు. ఎస్.ఎస్.డి.లో ఆ ఆశ తక్కువ. అట్లే హార్డ్ డిస్కు చెడుటకు ముందు కొన్ని మారులు చప్పుడు చేసి హెచ్చరించును, ఎస్.ఎస్.డి. చప్పుడు లేకుండనే ఆగిపోవచ్చును. కావున మార్కుల పట్టికలు, భూమి పత్రములు, తాతముత్తాతల ఫోటోలు మొదలగు విలువైన వానికి కనీసము మరియొక ప్రతి వేరుచోట నుండవలెను. చోటు చేయుట యెంత అవసరమో, తొలగించుటకు ముందు ఆలోచించుటయు అంత అవసరము.

అభ్రకపు రేకు నాడు రేడియోలో చేసిన కావలిని నేడు కంటికి కనపడని సిలికా గోడ చేయుచున్నది. ఆ గోడను కట్టిన శాస్త్రజ్ఞుల శ్రమ గొప్పది. దాని ఫలము చిరకాలము నిలుచుటకు మాత్రము వాడువాని పొదుపరితనము కావలెను. నిండిన యార్డులో ఎంత బలమైన ఇంజనైనను నిలిచిపోవును. నాలుగు పట్టాలు ఖాళీగా నున్నచో సామాన్యమైన ఇంజనును చురుకుగా తిరుగును. సాధనము మందగించినపుడు దానిని పారవేయుటకు ముందు, దానికి మెసలుటకు చోటిచ్చితిమా యని ప్రశ్నించుకొనుట వివేకవంతుల లక్షణము.